కన్సోల్‌కి ఆకు వెయ్యలేదు

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి మా హాల్లో పంక్తి వేసి ఉంది. అరిటాకుల ముందు ఇంట్లోని వస్తువులన్నీ వరసగా కూర్చున్నాయి. వైఫై హబ్ వడ్డిస్తోంది.

మొదట టీవీ, దాని పక్కన నా భార్య హిమజ ఫోను, తర్వాత నా ఫోను, నా ఆఫీసు ల్యాప్‌టాప్, వీధి గుమ్మం మీది కెమెరా. చివరి ఆకు ముందు పై వాటా ఆడిటరు గారి ఫోను బాసింపట్టు వేసుకుని కూర్చుంది. దాన్ని ఎవరూ పిలవలేదు. మా వైఫై పాస్‌వర్డ్ ఆయనకి ఎప్పుడో తెలిసిపోయింది. అది ఇప్పుడు రెండోసారి పప్పు వేయించుకుంటోంది.

హబ్ తెల్ల పంచె కట్టుకుంది. దానికి మూడు యాంటెన్నాలు. ఒకదానికి అన్నం బేసిన్, ఒకదానికి గరిటె, ఒకదానికి నేతి గిన్నె. ఎవరికి ఎంత కావాలో దానికి తెలుసు. టీవీకి ఎక్కువ వేస్తుంది, కెమెరాకి చిటికెడు.

గేమ్ కన్సోల్ ఒక్కటే గుమ్మం పక్కన నిలబడి ఉంది. దానికి ఆకు వెయ్యలేదు. తన వైరు తనే చుట్టుకుని పట్టుకుంది. దాని నారింజ దీపం వెలిగి ఆరుతోంది, వెలిగి ఆరుతోంది. పిలిచి కూర్చోబెట్టకపోతే మనిషైనా అలాగే నిలబడతాడు, ఎటు చూడాలో తెలియక.

మా గోదావరి వైపు పంక్తిలోంచి లేపడమంత అవమానం ఇంకోటి లేదు. ఏడు వారాల క్రితం వరకూ ఈ కన్సోల్ టీవీ పక్కనే కూర్చునేది. దాన్ని లేపింది నేనే. ఆ సంగతి నాకూ హబ్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. అందుకని దాని పక్కనుంచి వెళ్లేటప్పుడు గోడ మీది గడియారం చూస్తూ వెళ్తున్నాను.

ఆ కన్సోల్ మా అత్తగారిది. ఆవిడ పేరు దమయంతి. కాకినాడలో ముప్పై రెండేళ్లు ఆడపిల్లల స్కూల్లో డ్రిల్ టీచరుగా చేశారు. మోకాళ్లకి ఆపరేషన్ అయ్యాక, కాస్త ఒళ్లు కదిలిస్తూ ఉండమని డాక్టరు చెబితే హిమజ వాళ్లమ్మకి ఇది కొనిపెట్టింది. టెన్నిస్ ఆట. రిమోట్ పట్టుకుని నిజంగా బ్యాట్ ఊపినట్టే ఊపాలి. మా అత్తగారు ఊపితే పక్క గదిలో కర్టెన్ కదులుతుంది.

ఆవిడ ఆడేది ఒక్క మనిషితో, వారానికి ఒక్కసారి, ఆదివారం పదకొండింటికి. ఆ మనిషి కనకరత్నం గారు. కాలేజీ రోజుల్లో బాల్ బ్యాడ్మింటన్ జట్టులో ఇద్దరూ జంట. కనకరత్నం గారు కెప్టెన్. ఇప్పుడు బరంపురంలో ఉంటున్నారు. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మాట పోయింది. మూతి ఒంకర పోయిందని వీడియోలో కూడా ఎవరికీ మొహం చూపించరు. కుడి చెయ్యి ఒక్కటే మిగిలింది. ఆ చేత్తో ఆవిడ ఆటలో పరిగెడతారు.

కోర్టులోకి దిగగానే బ్యాట్‌తో నేలని రెండుసార్లు కొట్టడం వాళ్లకి కాలేజీ రోజుల నుంచీ అలవాటు. ఉన్నాను అని దానర్థం. ఆటలో ఒక మీట రెండుసార్లు నొక్కితే బొమ్మ కూడా అలాగే కొడుతుంది. ఆ ఇద్దరికీ ఇప్పుడు మాటలంటే అవే.

ఏడు ఆదివారాలుగా ఆ చప్పుడు మా ఇంట్లో వినపడలేదు. 'కనెక్షన్ దొరకలేదు' అని తెర మీద వస్తోంది. ఏడుసార్లూ నేను నుదురు ముడిచి, ఇదేదో పెద్ద సమస్యే అన్నాను.

హిమజ పంక్తి మధ్యలోంచి, ఆకులు తొక్కకుండా, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నా దగ్గరికి వస్తోంది.

"ఏవండీ, ఇవాళైనా అవుతుందా?"

"చూస్తున్నాను."

"నిన్న బరంపురం నుంచి వాళ్ల కోడలు ఫోన్ చేసిందండి. ఇవాళ కూడా అమ్మ రాకపోతే వాళ్ల గేమ్ పెట్టె సర్దేసి అటక మీద పెట్టేస్తారంట. రత్నం పెద్దమ్మే చేత్తో సైగ చేసిందంట, ఇంక తీసెయ్యమని."

"అవుతుందిలే."

"మీరు రోజంతా చేసేది ఇదే పని కదండీ," అంటుంది హిమజ. వెటకారం లేదు ఆ గొంతులో. నమ్మకం ఉంది. వెటకారమైతే నాకు కాస్త సుఖంగా ఉండేది.

నేను ఒక నెట్ కంపెనీ ఫిర్యాదుల విభాగంలో పనిచేస్తాను. హబ్ తీసేసి, ముప్పై లెక్కపెట్టి, మళ్లీ పెట్టండి సార్ అని రోజుకి నలభైసార్లు చెబుతాను. నలభైమందిలో ముప్పైమందికి బాగైపోతుంది. నన్ను మేధావి అనుకుని థాంక్స్ చెబుతారు.

వంటింటి గుమ్మం దగ్గర, కర్టెన్ వెనక, మా అత్తగారు నిలబడి ఉన్నారు. అల్లుడి ఎదుట ఆవిడ కూర్చోరు. మా పెళ్లయి పదకొండేళ్లు, ఇప్పటివరకూ నేను చూస్తుండగా ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. ఆపరేషన్ అయిన మర్నాడు నేను ఆస్పత్రి గదిలోకి వెళ్తే మంచం మీదనుంచి లేవబోయారు. నర్సు కేకలేసింది. "అల్లుడుగారమ్మా," అని ఆవిడ నర్సుకి సంజాయిషీ ఇచ్చుకున్నారు.

కర్టెన్ కింద ఆవిడ పాదాలు కనిపిస్తున్నాయి. తెల్లటి కాన్వాస్ బూట్లు అప్పుడే వేసేసుకున్నారు. లేసులు రెండు ముళ్లు వేసి ఉన్నాయి.

నాకు తెలిసిన వైద్యమే మొదలుపెడతాను. హబ్ వెనక స్విచ్ ఆపేస్తాను. పంక్తిలో అందరి చేతులూ ముద్ద దగ్గర ఆగిపోతాయి. హబ్ గరిటె దించి నావైపు తిరుగుతుంది.

"ఏటండీ బాబూ, సగంలో లేపేత్తన్నారు?"

"ముప్పై లెక్కపెడితే చాలు."

"ఒకళ్లు లేత్తే పంక్తి అంతా లేచినట్టేనండి. మళ్లీ కొత్తాకులెయ్యాలి."

"వెయ్యి."

లెక్కపెడుతున్నాను. పన్నెండు దగ్గర వీధిలో కూరగాయల బండి ఆగుతుంది. పదిహేడు దగ్గర కేలండర్లో తిథులు చెరిగిపోతాయి. ఇరవై మూడు దగ్గర నా భార్య పేరు నాకు గుర్తురాదు. ఇరవై నాలుగు దగ్గర వస్తుంది. ముప్పై. స్విచ్ వేస్తాను.

హబ్ కొత్తాకులు పరుస్తుంది. అందరూ చేతులు కడుక్కుని ఎవరి చోట వాళ్లు కూర్చుంటారు. అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది ఆడిటరు గారి ఫోను. కన్సోల్ ఒకడుగు ముందుకు వేసి, తన చోట ఆకు లేదని చూసుకుని, ఆ అడుగు వెనక్కి తీసుకుంటుంది.

"సిగ్నల్ అందట్లేదు," అంటాను నేను హిమజతో. అబద్ధం చెప్పాలని అనుకోను. ఏడు వారాల అలవాటు కొద్దీ నోరే చెప్పేస్తోంది.

సిగ్నల్ గురించి అయితే ఒక న్యాయమైన కారణం ఉంది. హబ్ ఆగ్నేయ మూల ఉంది. కరెంటుతో నడిచేది అగ్ని కాబట్టి ఆగ్నేయంలో ఉండాలని వాస్తు సిద్ధాంతి గారు చెప్పారు. టీవీ, కన్సోల్ వాయవ్య మూల ఉంటాయి. గాల్లో వచ్చేదాన్ని అందుకునేవి గాలి మూలలోనే ఉండాలని కూడా ఆయనే చెప్పారు. మధ్యలో వంటింటి గోడ. దాని గురించి ఆయన ఏమీ చెప్పలేదు.

"దగ్గరికి జరుపుదాం," అని కన్సోల్‌ని ఎత్తుకుంటాను. హబ్ వైపు నాలుగడుగులు వేస్తాను. పంక్తి ఆకులతో సహా నాలుగడుగులు వెనక్కి జరుగుతుంది. మళ్లీ వేస్తాను. మళ్లీ జరుగుతుంది. ఎవరూ మొహం చిట్లించడం లేదు. బస్సులో పక్కవాళ్లకి చోటిస్తున్నంత మర్యాదగా జరుగుతున్నారు.

కన్సోల్ బరువు పెరుగుతోంది. ఎత్తినప్పుడు మూడు కేజీలు. వంటింటి గోడ దాటేసరికి ఒక పెద్ద మనిషంత బరువుంది. దాని ఎడమ పక్క పట్టులేకుండా వేలాడిపోతోంది. కుడి పక్క మాత్రం నా చొక్కాని గుప్పెట్లో బిగించి పట్టుకుంది. నాకు చెమటలు పడుతున్నాయి. దించేస్తాను. దించిన చోటు చూస్తే మళ్లీ గుమ్మం పక్కనే.

"వైరు వేసి చూడండి," అంటుంది హిమజ.

ఒక కొన కన్సోల్‌కి పెడతాను. రెండో కొన హబ్‌కి పెట్టాలి. వైరు పట్టుకుని లాగుతాను. వస్తూనే ఉంది. హాల్లో చుట్టలు చుట్టలుగా పడుతోంది. పది మీటర్లు లాగాక చూస్తే అది నా చొక్కా జేబులోంచి వస్తోంది. జేబులో నా ఫోను ఉండాలి. చెయ్యి పెడితే లేదు, అది పంక్తిలో కూర్చుని ఉంది.

"ఏవండీ, మీ జేబులోంచి వస్తోందేంటండీ?"

"పొడుగు వైరు," అంటాను.

హిమజ తలూపుతుంది. నేను ఏం చెప్పినా ఆ మనిషి తలూపుతుంది. వైరు చుట్టగా చుట్టి సోఫా కిందికి తోసేస్తాను.

ఇంక మిగిలింది హబ్‌ని కొత్తదాన్ని చెయ్యడం. వెనక సూదంత రంధ్రం ఉంటుంది. దానిలో సన్నటి పుల్ల పెట్టి పది సెకన్లు నొక్కితే హబ్ తనకి చెప్పినవన్నీ మర్చిపోతుంది. ఎవరికి ఆకు వెయ్యాలో, ఎవరిని లేపాలో, నేనేం చేశానో, అన్నీ. ఈ ఉపాయం నాకు రెండో వారంలోనే తట్టింది. దాన్ని తల్చుకుని ఒక పూట హాయిగా నిద్రపోయాను కూడా.

కానీ పోయిన దసరాకి ఆయుధపూజ చేశాం. కత్తిపీట, స్కూటరు, మిక్సీ, అన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టాను. హబ్‌కి ముందు పెడితే దీపాలు కనపడవని వెనక పెట్టాను. వెనక సరిగ్గా మధ్యలో ఆ రంధ్రం ఉంది. నుదురు అదే అనుకున్నాను. తడి కుంకుమ లోపలికి దిగి రాయిలా గట్టిపడింది.

హిమజ గాజులకి తగిలించుకున్న పిన్నీసు తీసి ఇస్తుంది. నేను పొడుస్తాను. పిన్నీసు ఎర్రగా బయటికి వస్తుంది.

"నెప్పండీ," అంటుంది హబ్. "బొట్టెట్టిన చేత్తోనే పొడుత్తారేటండీ?"

పిన్నీసు తుడిచి హిమజకి ఇచ్చేస్తాను. పదీ ఇరవై అయింది. కర్టెన్ కింద బూట్లు అక్కడే పరిగెడుతున్నాయి, ఒంట్లో వేడి పుట్టించుకోవడానికి.

ఉగాది నాడు జరిగింది చెప్పాలి. బంధువులు ఇరవైమంది వచ్చారు. భోజనాలయ్యాక మా తోడల్లుడు ఆ కన్సోల్ చూసి, అత్తా అల్లుళ్ల పోటీ పెడదాం అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను పంచె ఎగ్గట్టి హాలు మధ్యలో నిలబడ్డాను. మా అత్తగారు అల్లుడి ఎదుటికి ఎలా వస్తారు? వంటింటి కర్టెన్ వెనకే ఉండి ఒక్క కుడి చెయ్యి బయట పెట్టారు. టీవీని కర్టెన్ సందులోంచి చూశారు.

ఆరు గేములు, ఒక్కటీ నాకు రాలేదు. ఆరు, సున్నా. ఒక కర్టెన్‌లోంచి వచ్చిన చేతి మీద నేను ఓడిపోయాను. తోడల్లుడికి పాయసం ముక్కులోంచి వచ్చింది. ఇరవైమందీ నవ్వారు, నా కూతురంత వయసున్న మేనకోడలు కూడా. మా అత్తగారు మాత్రం నవ్వలేదు. "ఏవనుకోకండి అల్లుడుగారూ, చెయ్యి ఆగలేదండి," అన్నారు కర్టెన్ లోంచి. దాంతో ఇంకోసారి నవ్వారు.

ఆ సాయంత్రం ఫోనులో హబ్ జాబితా తెరిచి కన్సోల్ పేరు మీద బొటనవేలు పెట్టాను. 'ఈ వస్తువుని ఆపాలా?' అని అడిగింది. ఆపమన్నాను. తర్వాత ఎవరూ జాబితా తెరవకుండా దాని పాస్‌వర్డ్ కూడా మార్చాను. రెండు మూడు రోజులు ఉంచి తీసేద్దామనుకున్నాను.

మూడో ఆదివారం హిమజ చెప్పింది. కనకరత్నం గారు పదకొండింటికి టీవీ ముందు కూర్చుని రెండుసార్లు బ్యాట్ కొడుతున్నారట, సాయంత్రం దాకా కొడుతూనే ఉంటున్నారట, ఆ రోజు అన్నం ముట్టుకోవడం లేదట. నేను వింటూ చారు పోసుకున్నాను.

అప్పుడైనా తియ్యొచ్చు. ఒక్క నొక్కు. కానీ ఎలా బాగయిందని అడుగుతారు. ఏదో ఒక అబద్ధం చెబితే సరిపోయేది. ఆ ఒక్క అబద్ధానికి సిగ్గుపడి వారానికో అబద్ధం చెబుతూ వచ్చాను. నేను చేసిన పనుల్లో పెద్దవి కొన్ని ఉన్నాయి. ఇంత నీచమైనది లేదు. నా వయసు నలభై నాలుగు.

"ఎవరెవరికి ఆకెయ్యాలో మీరే రాసిచ్చారు గదండీ," అంటుంది హబ్, నేను అడక్కుండానే. గరిటెతో గోడ చూపిస్తుంది.

పంక్తి మీద, గోడకి, జాబితా రాసి ఉంది. నా చేతిరాత. టీవీ, హిమజ ఫోను, నా ఫోను. ఆడిటరు గారి ఫోను పేరు కూడా నా రాతలోనే ఉంది, చివర గారు అని పెట్టి. టీవీ కింద కన్సోల్ పేరు, దాని మీద ఒక అడ్డగీత. గీత పక్కన నా బొటనవేలి ముద్ర, దోసె పెనమంత.

హిమజ గోడ వైపు తిరగబోతుంది. నేను అడ్డం నిలబడతాను. ముద్ర నాకంటే వెడల్పుగా ఉంది. రెండు పక్కలా కనిపిస్తోంది.

"అడ్డగీత తుడిచెయ్," అంటాను మెల్లగా.

"పాస్‌వర్డ్ సెప్పాలండి. మీరెట్టిన మాట."

"మర్చిపోయాను."

హబ్ నన్ను కిందనుంచి పైదాకా చూస్తుంది. "మర్చిపోయినోళ్లు పైకి సూత్తారండి, గుర్తు తెచ్చుకుంటాకి. మీరు నేలకేసి సూత్తన్నారు."

"ఫోనులో నొక్కుతాను."

"మీ ఫోను తింటందండి. సెయ్యి ఎంగిలి. నోటితో సెప్పాల్సిందే, పంక్తి ముందు."

పదీ నలభై. పదీ యాభై. గడియారంలో చిన్న ముల్లు నిమిషాలు చూపిస్తోంది, పెద్దది నన్ను చూపిస్తోంది. నేను ఎటు జరిగితే అటు తిరుగుతోంది.

ఈల మోగుతుంది. కర్టెన్ వెనకనుంచి, పొడుగ్గా, ఒకే ఒక్కసారి. ముప్పై రెండేళ్లు స్కూలు గ్రౌండులో మోగిన ఈల. పంక్తి మొత్తం లేచి నిటారుగా నిలబడుతుంది. అరిటాకులు కూడా నిలబడతాయి. ఒక్క మెతుకు కింద పడదు. నేను కాళ్లు దగ్గరికి పెట్టి చేతులు తొడలకి ఆనించి నిలబడతాను.

"అల్లుడుగారూ," అంటారు మా అత్తగారు. "అయిదు నిమిషాలుందండి. అవ్వకపోతే అవ్వలేదని చెప్పెయ్యండి, ఫరవాలేదు. ఏడు వారాల్నించీ ఆదివారం సెలవంతా దీనికే తగలేశారు మీరు. మీ తప్పేవుందండీ ఇందులో?"

చివరి మాట వచ్చి నా ఛాతీ మధ్యలో తగులుతుంది. ఆవిడ సర్వీసు కూడా అంతే, ఎప్పుడూ గురి తప్పదు.

నేను నోరు తెరుస్తాను. "నేను ఓడిపోలేదు," అంటాను.

హిమజ నావైపు చూస్తుంది.

"కలిపి సెప్పండి," అంటుంది హబ్. "మజ్జలో కాళీలు లేకండా ఎట్టారు గదా."

"నేనుఓడిపోలేదు."

"ఇంకొంచెం గట్టిగా అండి. కెమేరాకి ఇనపళ్లేదంట."

"నేనుఓడిపోలేదు!"

ఎవరూ నవ్వరు. ఉగాది నాడు నవ్విన ఇరవైమందీ ఇక్కడ ఉండి నవ్వినా బాగుండును. టీవీ పక్కకి చూస్తోంది. నా సొంత ఫోను చేత్తో కళ్లు మూసుకుంది. ఆడిటరు గారి ఫోను, ఎంతో మంచి మనసుతో, ఏమీ విననట్టు పెరుగన్నం కలుపుకుంటోంది.

హబ్ తడిగుడ్డతో గోడ మీది గీత తుడిచేస్తుంది. టీవీ పక్కన ఆకు పరుస్తుంది. నీళ్లు చిలకరిస్తుంది. "రండి, రండి, కూకోండి," అంటుంది కన్సోల్‌తో. కన్సోల్ వైరు కింద పెట్టి, కూర్చుని, ఆకు అంచు సవరించుకుంటుంది. దాని నారింజ దీపం నీలంగా మారి నిలుస్తుంది. హబ్ దానికి అన్నీ ఒకేసారి వడ్డిస్తుంది, ఏడు వారాలవి.

సరిగ్గా పదకొండు. తెర తెరుచుకుంటుంది.

ఆకుపచ్చ కోర్టు. నెట్‌కి అవతల గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఏడు వారాలు ఎవరూ తొక్కలేదు. ఆ గడ్డి మధ్య నేత చీరలో కనకరత్నం గారు కూర్చుని ఉన్నారు, మాకు వీపు పెట్టి. ఆవిడ ముందు అరిటాకు. ఆకు మీద ఆకు, మొత్తం ఏడు. ఏడింటి మీదా వడ్డన ఉంది. దేనికీ చెయ్యి తగల్లేదు. అన్నం ఇంకా పొగలు కక్కుతోంది.

పక్క ఆకు ముందు మనిషి వచ్చి కూర్చోందే పంక్తిలో ముద్ద ఎత్తరు. ఆవిడ పక్క ఆకు ఖాళీగా ఉంది.

ఆవిడ కుడి చేత్తో బ్యాట్ ఎత్తి నేలని రెండుసార్లు కొడతారు. వెనక్కి తిరగరు. కర్టెన్ లోంచి మా అత్తగారి చెయ్యి బయటికి వచ్చి రిమోట్ మీట రెండుసార్లు నొక్కుతుంది. 

కనకరత్నం గారి వీపు కదులుతుంది. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో వీపుని బట్టి చెప్పడం కష్టం.

"అల్లుడుగారూ," అంటారు మా అత్తగారు. "ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని రత్నం అడుగుతుందండి. ఏవని చెప్పమంటారు? ఏం పాడైందని చెప్పనండి? దానితో నేనెప్పుడూ అబద్ధం ఆడలేదు."

హబ్ నేతి గిన్నె పట్టుకుని ఆగిపోయింది. నాకు ఇంకా ఒక అబద్ధం మిగిలి ఉంది, నాలుక మీద సిద్ధంగా. సముద్రం కింద కేబుల్ తెగిందని. చాలా మంచి అబద్ధం. ఏడు వారాలు దాచుకున్నాను.

"ఏమీ పాడవలేదండి," అంటాను. "నేనే ఆపాను. ఉగాది నాడు ఓడిపోయినందుకు. ఆవిడ అన్నం తినట్లేదని తెలిశాక కూడా తియ్యలేదు."

హిమజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. గోడ మీది వేలిముద్ర చూస్తుంది, నా బొటనవేలు చూస్తుంది. తలూపడం లేదు.

కర్టెన్ పక్కకి జరుగుతుంది. మా అత్తగారు బయటికి వస్తారు. నేను అనుకున్నంత పొడుగు కాదు ఆవిడ. నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, నాకు ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని, రెండు మోకాళ్లూ జాగ్రత్తగా వంచి, కూర్చుంటారు.

నా ఎదుట. పదకొండేళ్లలో మొదటిసారి.

ఆవిడ తిట్టలేదు. కూర్చున్నారు, అంతే. నా ఒంటి మీదనుంచి ఎవరో చొక్కా విప్పి పట్టుకుపోయినట్టుంది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

"ఆరు సున్నాకా అండీ?" అంటారు.

"అవునండీ."

"రెండు గేములు వదిలేద్దామనే అనుకున్నానండి. వదిలితే మీకు తెలిసిపోతుంది, చిన్నతనంగా ఉంటుందని వదల్లేదు." బూటు లేసు చూసుకుంటారు. "మిమ్మల్ని పెద్దమనిషి అనుకున్నానండి."

అక్కడితో ఆ విషయం అయిపోతుంది. ఆవిడ టీవీ వైపు తిరిగి సర్వీసు చేస్తారు. పసుపు ఉన్ని బంతి, బాల్ బ్యాడ్మింటన్ బంతి, ఏ టెన్నిస్ ఆటలోనూ లేనిది, నెట్ దాటి గడ్డిలోకి వెళ్తుంది. కనకరత్నం గారు వెనక్కి తిరక్కుండానే కొడతారు. బంతి వస్తుంది. పోతుంది. హాల్లో కర్టెన్లన్నీ కదులుతున్నాయి.

నేను గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను, పొద్దున్న కన్సోల్ నిలబడ్డ చోట. సోఫా కింది వైరు చుట్ట నా చేతికి ఎప్పుడు వచ్చిందో వచ్చింది. నా చొక్కా జేబులో నారింజ దీపం వెలిగి ఆరుతోంది. ఎవరూ నన్ను నిలబడమనలేదు. కూర్చోమని కూడా అనలేదు. గోడ మీది జాబితా చదువుతాను. నా ఫోను ఉంది, నా ల్యాప్‌టాప్ ఉంది. నేను లేను.

బంతి ఆగుతుంది. కనకరత్నం గారు దాన్ని కుడిచేత్తో పట్టుకుని, మొదటిసారి వెనక్కి తిరుగుతారు. రెండేళ్లుగా ఎవరికీ చూపించని మొహం. మూతి ఎడమ వైపుకి జారిపోయి ఉంది. ఆ మొహం పెట్టుకుని ఆవిడ సూటిగా నన్నే చూస్తారు.

ఆవిడ తన ఏడాకుల్లో పైదాని కొస మోకాలి కింద నొక్కిపెట్టి, ఒంటి చేత్తో చించుతారు. సగం ఆకు. టీవీలోంచి చెయ్యి బయటికి చాపి దాన్ని మా అత్తగారి కుర్చీ పక్కన నేల మీద పరుస్తారు. దాని మీద ఉన్ని బంతి పెడతారు. హబ్ వచ్చి బంతి మీద నెయ్యి వేస్తుంది.

"కూర్చోండి," అంటారు మా అత్తగారు, తెర మీదనుంచి కళ్లు తిప్పకుండా. "కెప్టెన్ పెట్టింది వదలకూడదండి."

నేను కూర్చుంటాను. ఆవిడ కుర్చీలో, నేను నేల మీద. బంతి పొగలు కక్కుతోంది. వేళ్లు కాలుతున్నాయి. తిప్పి తిప్పి చూస్తే పోగు కొస దొరుకుతుంది. నోట్లో పెట్టుకుంటాను. పచ్చి ఉన్ని, ఉప్పు లేదు. నమలాలి, మింగాలి, మళ్లీ పోగు అందుకోవాలి. బంతి తగ్గడం లేదు.

పంక్తిలో అందరూ తినేశారు. టీవీ, ఫోన్లు, కెమెరా, చేతులు ఎండిపోతున్నా ఆకుల ముందే కూర్చున్నారు. హిమజ వాళ్ల వెనక నిలబడి ఉంది. ఆఖరి మనిషి తినేదాకా ఎవరూ లేవకూడదు. ఆడిటరు గారి ఫోను కూడా లేవడం లేదు. నాకోసం అందరూ ఆగారు. తొందరపెట్టడం లేదు.

అవతలి నుంచి బ్యాట్ నేలని రెండుసార్లు కొడుతుంది. ఈసారి మా అత్తగారు కదలరు. అది నాకు.

నోటినిండా ఉన్ని ఉంది, మాట రాదు. కుడి చెయ్యి ఎంగిలి. ఎడమచేత్తో నేలని తట్టబోతాను. ఎడమ చెయ్యి లేవడం లేదు, భుజం నుంచి పట్టులేకుండా వేలాడుతోంది. ఎంగిలి చేత్తోనే నేలని రెండుసార్లు కొడతాను. కొట్టి మళ్లీ పోగు అందుకుంటాను. దాని రెండో కొన టీవీలోంచి గడ్డి మీదుగా బరంపురం దాకా పోయి ఉంది.